చెరువుకి పోలమ్మ పెట్టిన పేర్లు

పోలమ్మ చేతులు తోట దొరవి, నోరు మాత్రం ఆమె సొంతం. తెల్లవారి లేచింది మొదలు చెట్టు చెట్టుకీ గీత గీసి రబ్బరు పాలు పట్టేదాకా చేతులు దొర చెప్పినట్టే ఆడేవి. నోరు ఏ దొర మాటా వినేది కాదు. మలాయా దేశంలో సుంగై సిపుట్ అనే ఊరికి తూర్పున, కొండల మొదట్లో ఉన్న ఆ రబ్బరు తోటలో, కూలీలుండే ఇళ్ల వరసల్ని లైన్లు అనేవారు. ఆ లైన్లలో పోలమ్మ నోటికి జడవని మనిషి లేడు. కూలీల మీద పెత్తనం చేసే కంగాణి కూడా ఆమె ఎదురైతే తలపాగా సర్దుకునేవాడు. దాని కింద ఏముందో, ఏం లేదో, ఆమె ఇదివరకే ఒకసారి అందరికీ వివరంగా చెప్పింది మరి.

సికాకోలు పక్క పల్లె నుంచి మొగుడితో ఓడెక్కి వచ్చింది. మొగుడు మన్యం జ్వరంతో పోయాడు. ఒక్క కొడుకు మిగిలాడు, అప్పడు. ఇంట్లో ఉన్న మాటలన్నీ తల్లే వాడేసుకోవడం వల్ల వాడికి ఏమీ మిగల్లేదు. ఇరవై దాటినా అవునంటే తల ఊపేవాడు, కాదంటే అదీ ఊపేవాడు కాదు.

తోట వెనక కొండెక్కి రెండు గట్లు దాటితే పెద్ద నీరు ఉంది. నాలుగు వైపులా కొండలు, మధ్యలో నల్లగా, చల్లగా, కదలకుండా పడుకున్న నీరు. ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు చెట్లు గడ్డిపోచల్లా కనిపించేవి. మలాయివాళ్లు తాసిక్ అనేవారు. తాసిక్ అంటే చెరువే, పేరు కాదు. కొండల్లో తిరిగే కొండవాళ్లకి దాని అసలు పేరు తెలుసు. అడిగితే చెప్పేవారు కాదు. పేరెత్తితే నీరు వింటుందని వాళ్ల నమ్మకం. విన్నాక ఏం చేస్తుందో కూడా చెప్పలేదు. తెలివైనవాళ్లు.

ఆదివారాలు పోలమ్మ ఆడవాళ్లని వెంటేసుకుని అక్కడికి వెళ్లేది. మలాయివాళ్లు పాకు అనే, చుట్ట చుట్టుకున్న లేత అడవి ఆకుకూర, వెదురు మొలకలు, బుట్టకి పడితే నాలుగు చేపలు తెచ్చుకునేవారు. ఏ మూల ఏం దొరుకుతుందో ఒకరికొకరు చెప్పుకోవాలి కదా. చెప్పుకోవాలంటే పేర్లు ఉండాలి. ఆ పని పోలమ్మ తన మీద వేసుకుంది.

నీళ్లలోంచి నున్నగా పైకి తేలిన గుండు రాయికి కంగాణి బట్టతల అని పెట్టింది. మూతి ఇరుకై లోపల వెడల్పుగా ఉండే ఒక మడుగుంది, అందులోకి పోయిన బుట్ట మళ్లీ బయటికి రాదు. అది కిరాణి జేబు. కిరాణి అంటే తోట గుమాస్తా. చెరువు మధ్యకి వచ్చేసరికి రెండు ఒడ్లూ దగ్గరికి నొక్కుకున్న చోటు దొరసాని నడుము. ఎంత వెతికినా కూర గానీ చేప గానీ దొరకని ఒక చప్పిడి రేవుకి కన్నకొడుకు పేరే పెట్టింది, అప్పడి మాట అని. సొంత కొడుకునే వదలని మనిషి ఊరివాళ్లని వదులుతుందా?

ఇక తూర్పు కొసన చిత్తడి మూల. అక్కడ కాలు పెడితే జలగలు పట్టుకుంటాయి. పట్టుకుంటే వదలవు. ఒక ఏడాది కొళాయి దగ్గర వంతు తగువులో దేవుడమ్మ అనే ఆవిడ పోలమ్మ చెయ్యి పట్టుకుని పొద్దెక్కేదాకా వదల్లేదు. ఆ వారమే ఆ మూల దేవుడమ్మ మూల అయిపోయింది. ఆడవాళ్లు నవ్వుకున్నారు, కూర కోసుకున్నారు, కిందికి దిగాక మరిచిపోయారు. దేవుడమ్మ కొండెక్కే మనిషి కాదు. భారీ మనిషి, నెమ్మది మనిషి. ఆమెకి ఈ సంగతి తెలియనే తెలియదు.

తర్వాత అనుకోనిది జరిగింది. దేవుడమ్మ కూతురు ముత్యాలు, పోలమ్మ కొడుకు అప్పణ్ణి చేసుకుంటానంది. ఎందుకని తల్లి అడిగితే, "మనింట్లో అందరూ మాటాడీవోలే. ఒక్కడైనా ఇనీవోడు గావాల గదా" అందట.

పోలమ్మ ఆ మాట విని పొయ్యి ముందు కూలబడిపోయింది. అంతకుముందు మూడిళ్లలో సంబంధం అడిగింది. పిల్లాడు బంగారమే గానీ అత్త నోటికి మా పిల్ల బతకదని మూడిళ్లవాళ్లూ తలుపు దగ్గరే చెప్పేశారు. చుట్టుపక్కల తోటలన్నీ గాలించినా తెలుగు ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇది తప్పితే కొడుక్కి పెళ్లి లేదు. ఆ కారణం తన నోరేనని ఆమెకి తెలుసు. తాంబూలాలు పుచ్చుకున్నారు. పసుపు దంచడానికి రోజు పెట్టుకున్నారు.

ఇక్కడ ఒక ఆచారం చెప్పాలి. వాళ్లలో వియ్యపురాళ్లు ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు. నడకని, నవ్వుని, వంటని, పుట్టింటిని పాట కట్టి మరీ దులపొచ్చు. అనకపోతేనే తప్పు. అయితే అదంతా పసుపు దంచిన తర్వాత. రోకలికి మామిడాకు కట్టి మొదటి పోటు వేశాక తిడితే వేడుక. ఆ పోటు పడకముందు తిడితే తిట్టే. దాంతో సంబంధాలు విరిగిపోయాయి కూడా.

సరిగ్గా ఆ మధ్యలోనే సర్వే దొర దిగాడు.

చెరువుని కొలిచి పటంలో ఎక్కించడానికి వచ్చాడు. గొలుసులు, కర్రలు, ఇంత బారు తాళ్లు, వాటి చివర సీసపు గుండ్లు. అతనికి ఒక కట్టుబాటు ఉంది. చోటు చోటుకీ అక్కడి జనం పిలుచుకునే పేరేదైనా ఉంటే అదే రాయాలి. లేకపోతేనే పైవాళ్లు కొత్తది పెట్టాలి. తోట దొర అప్పటికే తన భార్య పేరు సిద్ధం చేసి పెట్టుకున్నాడు. సర్వే దొరకి ఆ భార్యతో ఒకసారి భోజనం చేసిన అనుభవం ఉంది. అందుకని అక్కడి జనం పేర్ల కోసం కాస్త గట్టిగానే వెతికాడు. కొండవాళ్లు నవ్వి అడవిలోకి వెళ్లిపోయారు. కంగాణిని అడిగితే, "ఆ నీటి సంగతి పోలమ్మకే తెలుసు" అన్నాడు. రాయికి తన బట్టతల పేరు పడ్డ సంగతి అతనికింకా చేరలేదు.

దొర పక్కన ఆయన మాట తెలుగులోకి మార్చి చెప్పడానికి ఆల్బర్ట్ అని ఒక కుర్ర ఉద్యోగి ఉండేవాడు. బంటింగ్ ఊరి వైపు కిరస్తానీ కుటుంబం, మిషన్ బడిలో చదువు. ఇంట్లో ఏ యాస మాట్లాడేవాడో గానీ, ఉద్యోగంలో మాత్రం గుడిలో బైబిలు చదివే తెలుగే మాట్లాడేవాడు. పోలమ్మని, ఆమె వెంట వచ్చిన ఆడవాళ్లని వెదురు తెప్ప మీద కూర్చోబెట్టి, చెరువు చుట్టూ తిప్పుతూ అడిగాడు.

"అమ్మగారూ, ఈ శిలకు నామమేమి?"

"ఏటి బాబూ?"

"ఈ రాయి. దీని పేరు."

పోలమ్మ వెనక కూర్చున్న ఆడవాళ్లని చూసింది. వాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. నవ్వే జనం ఎదురుగా ఉంటే పోలమ్మకి కళ్లు కనబడవు.

"కంగాణి బట్టతల. రాస్కో."

ఆల్బర్ట్ మొహంలో ఏమీ కదల్లేదు. దొరకి ఇంగ్లీషులో చెప్పాడు. దొర ఆ రాయిని కాసేపు చూసి, తల ఊపాడు. ఆ తర్వాత పోలమ్మని ఆపడం ఎవరి తరమూ కాలేదు. కిరాణి జేబు వచ్చింది, దొరసాని నడుము వచ్చింది. ఆ పేరు విని దొర రెండోసారి చెప్పించుకున్నాడు. తెప్ప తూర్పు కొసకి చేరింది.

"ఇదొచ్చి దేవుడమ్మ మూల. జెలగలు గదా. అట్టుకుంటే ఒగ్గవు."

వెనక నవ్వు ఆగిపోయింది. నవ్వు ఆగాక పోలమ్మకి తను ఏమందో వినిపించింది.

"బాబూ, ఆ మూలకి పేరు నేదు. ఒగ్గేయి."

"ఇప్పుడే చెప్పితిరి గదా."

"మరిసిపోయి సెప్పినాను."

"మరచిపోయి చెప్పినదే సత్యమని మా దొర అంటారు, అమ్మగారూ."

ఆమె ఎంత బతిమాలినా లాభం లేకపోయింది. మధ్య నీటికి పేరేమిటని అడిగితే మాత్రం నోరు పెగల్లేదు. మధ్యలో కూర దొరకదు కాబట్టి దానికి ఎవరూ పేరు పెట్టలేదు.

అంతటితో పోయినా బాగుండేది. సర్వేవాళ్లకి ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఒకరు చెప్పిన పేరు చాలదు, మరొకరు అవునని చెప్పాలి. మర్నాడు మధ్యాహ్నం కూలీలంతా పాల బాల్టీలతో కొలత కొట్టం ముందు వరసలో నిలబడి ఉండగా ఆల్బర్ట్ వచ్చాడు. ఆదివారం నాటి ప్రసంగంలా గొంతు సవరించుకుని అడిగాడు.

"ఇక్కడి జనులారా, చెరువులోని గుండు రాయిని కంగాణి బట్టతల అందురా?"

జనం కంగాణి వైపు చూశారు. కంగాణి చేతులు తలపాగా మీదికి వెళ్లాయి.

"తూర్పున జలగల మూలను దేవుడమ్మ మూల అందురా?"

దేవుడమ్మ కోపం అరిచేది కాదు. బాల్టీని చుక్క తొణక్కుండా నేల మీద పెట్టింది.

"ఎలాగుంటాది బాబూ ఆ మూల?"

"చిత్తడిగా నుండును. జలగలు విస్తారముగా నున్నవి."

"ఓహో." ఆమె వరసలో వెనక నిలబడ్డ పోలమ్మ వైపు తిరిగింది. "వొదినా, మనం పసుపు దంచినామేటి?"

"నేదొదినా."

"మరి?"

ఉన్న జవాబులన్నీ పోలమ్మ నాలుక మీదికి వచ్చాయి. ఒక్కటి జారినా కొడుకు పెళ్లి నీళ్లలో కలుస్తుంది. పళ్లు బిగించింది.

ఆ సాయంత్రం పోలమ్మ వెళ్లి దేవుడమ్మ గుమ్మంలో నిలబడి, తాంబూలానికి ముందు పెట్టిన పేరని, ఇప్పుడు నోరు జారిందని, క్షమించమని అడిగింది. దేవుడమ్మ చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు.

"సెమించడానికి నానేటి సూసినాను? సూడని దానిమీద కోపమూ సెల్లదు, సెమా సెల్లదు. నన్ను ఆడికి తీస్కెల్లు. సూసొచ్చినాక సెప్తాను, పిల్లనిచ్చీదీ నేందీ."

"రెండు గట్లెక్కాల వొదినా. నీ వల్ల గాదు."

"అదీ తిట్టేనా?"

"నేదు, నేదు. నీ కాళ్లకి నొప్పని."

ఆదివారం బయల్దేరారు. ఆల్బర్ట్ దారి చూపడానికి వచ్చాడు, అప్పడు నీళ్ల కుండ పట్టుకున్నాడు. జలగలు పట్టకుండా కాళ్లకి పొగాకు, సున్నం కలిపి రాసుకోవాలి. దేవుడమ్మ వంగలేదు. పెళ్లికొడుకు తల్లి నేల మీద కూర్చుని పెళ్లికూతురు తల్లి కాళ్లకి పొగాకు రాయడం లైన్లలో అంతకుముందు ఎవరూ చూడలేదు. చూడ్డానికి బాగానే మూగారు.

"ఎడం కాలుకి తక్కువైనాది" అంది దేవుడమ్మ.

పోలమ్మ రాసింది.

కొండ మీద ప్రతి మలుపు దగ్గరా దేవుడమ్మ కూర్చుంది. కూర్చున్న ప్రతిసారీ ఈసారి వెనక్కి పోదాం అంటుందేమో అని పోలమ్మ ఆశపడింది. ఆమె మాత్రం లేచి ముందుకే నడిచింది. రెండో గట్టు దాటాక చెట్లు విడిపోయి నీరు కనిపించింది. దేవుడమ్మ కొంగుతో మొహం తుడుచుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది.

"ఇంత నీరుందని సెప్పినావు కాదే వొదినా" అంది. "నాను కొలను అనుకున్నాను."

చెరువు మధ్యలో దొర తెప్ప మీద నిలబడి తాడు వదులుతున్నాడు. అది అయిపోతే ఇంకో తాడు ముడివేసి మళ్లీ వదులుతున్నాడు.

"ఆ దొరేటి, సేపలడతన్నాడా?"

"లోతు కొలుచుచున్నారు. ఇంకను అడుగు తగలలేదు."

"తగిల్తే ఏటి సేస్తాడు?"

"రాసుకొందురు."

"తగలకపోతే?"

"అదియు రాసుకొందురు."

"మరి తాడు పాడుసేసుకోడం ఎందుకు? ఇంటికాడే కూకోని రాసుకోవచ్చు గదా."

ఆల్బర్ట్‌కి గుడి తెలుగు జారిపోయింది. "ఉద్యోగం లా, అత్తా" అన్నాడు. మలాయి తోక తగిలించి ఆ ఒక్కసారే వాళ్లింటి తెలుగు మాట్లాడాడు.

చిన్న తెప్ప మీద తూర్పు మూలకి వెళ్లారు. బురద, తుంగ, ఆకుల మీద నిలబడి మనుషుల వాసన పట్టే జలగలు. పొగాకు దట్టంగా పట్టించిన దేవుడమ్మని ఒక్కటీ ముట్టలేదు. ఆమెకి రాయడంలో పడి తన కాళ్ల సంగతి మరిచిపోయిన పోలమ్మ పిక్కకి మాత్రం రెండు అతుక్కున్నాయి. దేవుడమ్మ వంగి వాటిని చూసింది.

"నా మూల నిన్ను బాగానే గురుతట్టినాది వొదినా."

పోలమ్మ రెండు జలగల్నీ పీకి నీళ్లలోకి విసిరింది.

దేవుడమ్మ మాత్రం మూలంతా పరికించి చూస్తోంది. తుంగ వెనక ఎక్కడో సన్నగా చప్పుడు. తెప్పని అటు తిప్పించింది. కొండ మీంచి తెల్లగా ఏరు దిగి వచ్చి ఆ చిత్తడిలోంచే చెరువులో కలుస్తోంది. చెయ్యి ముంచి పుక్కిట పట్టి చూసింది. పళ్లు జివ్వుమన్నాయి.

"బాబూ, సెరువుకి ఇంకెక్కడ్నించైనా నీరొస్తాదా?"

"వానలు తప్ప వేరు లేదమ్మా. పారి వచ్చునది ఇదొక్కటే."

"అయితే ఈ మూల నేకపోతే సెరువు నేదు."

"లేదు."

ఆమె మెడ కాస్త నిటారుగా అయింది. "మరి ఇంత నీరూ ఎలాగ పోతాది? అక్కడికి తీస్కెల్లు."

దొరసాని నడుము దాటి పడమటి కొసకి వెళ్లేసరికి ఎండ మారింది. అక్కడ రెండు బండల నడుమ చీలిక. చెరువంతా కదలకుండా మెదలకుండా పడి ఉంటుంది గానీ, ఆ చీలిక దగ్గరికొచ్చేసరికి పిచ్చెత్తినట్టు అరుచుకుంటూ కిందికి దూకుతుంది. పక్కవాళ్ల మాట పక్కవాళ్లకి వినిపించదు. పోలమ్మ దానికెప్పుడూ పేరు పెట్టలేదు. ఆ హోరులో తన మాట తనకే వినపడదని అటు పోయేదే కాదు.

దేవుడమ్మ చాలాసేపు విన్నది. తర్వాత ఆల్బర్ట్‌ని దగ్గరికి పిలిచి, చెవి దగ్గర నోరు పెట్టి, ఆ హోరు మించి అందరికీ వినపడేట్టే అరిచి చెప్పింది.

"రాస్కో బాబూ. పోలమ్మ నోరు. నా మూలనించి ఎంత నీరొచ్చినా దీన్లో నువ్వుగింజ నానదు, ఒక్క సుక్క నిలవదు. అంతా ఊరిమీదకే."

ఆల్బర్ట్ అటు తిరిగి భుజాలు కదిలేలా నవ్వు ఆపుకున్నాడు. నీళ్ల కుండ పట్టుకున్న అప్పడు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పెద్దగా నవ్వాడు. తల్లి చూడగానే ఆపేశాడు, కానీ నవ్వాడు.

పోలమ్మ నోరు తెరిచింది. దేవుడమ్మ వేలు చూపించింది.

"ఆగు. పసుపు దంచకముందు నువ్వొక మాటన్నావు, నానొక మాటన్నాను. ఇద్దరికీ సెల్లిపోనాది, పిల్లనిస్తాను. పసుపు దంచేదాకా నువ్వు ఇంకో మాటన్నావో, అది కొత్త తిట్టే. ఆ తర్వాత మా గుమ్మం తొక్కకు."

పోలమ్మ నోరు మూసింది. లోపల ఎంత నీరు ఆగిందో ఆమెకే తెలియాలి.

దిగేటప్పుడు దేవుడమ్మ దారి పొడుగునా మాట్లాడింది. పోలమ్మ నడక గురించి, ఆమె పులుసు గురించి, ఆమె పుట్టింటి పల్లెలో మేకలకి కూడా గొంతు పెద్దదేనట కదా అని. పోలమ్మ రాళ్లు చూసుకుంటూ దిగింది. లైన్లలో కబురు పాకింది. ఆ రోజుల్లో ఆమెని చూడ్డానికి పక్క తోటలవాళ్లు కూడా వచ్చారు. కంగాణి తలపాగా లేకుండా ఆమె వరస ముందు నుంచి రెండుసార్లు తీరిగ్గా నడిచాడు. ఆమె గీత కత్తిని రాయి మీద ఇంకాస్త గట్టిగా నూరింది, నోరు మాత్రం కదపలేదు. ఇంట్లో మాట్లాడేవాళ్లు లేక చివరికి అప్పడే మాట్లాడాల్సి వచ్చింది. "అమ్మా, కూడు" అన్నాడు ఒక పూట. మర్నాడు, "అమ్మా, ఉప్పు సాల్లేదు" అన్నాడు. ముత్యాలు ఈ సంగతి విని కాస్త కంగారు పడిందట. ఇంత మాటకారి అని తెలియదంది.

దొర తాళ్లు చుట్టుకుని వెళ్లిపోయాడు. పటంలో ఏ పేర్లు పడ్డాయో, మధ్య నీటికి తోట దొరసాని పేరు దక్కిందో లేదో లైన్లలో ఎవరూ చూడలేదు. చూసినా చదివే నాథుడు లేడు. వాళ్లకి పటంతో పనీ లేదు.

పసుపు దంచే రోజు వచ్చింది. రోలు కడిగి బొట్లు పెట్టారు, రోకలికి మామిడాకు కట్టారు. ఆడవాళ్లంతా రెండు వైపులా చేరారు. ఆ పూట పని ఎగ్గొట్టిన మగవాళ్లు వాకిలి బయట నిలబడ్డారు. దేవుడమ్మ ఒక చెయ్యి, పోలమ్మ ఒక చెయ్యి రోకలి మీద వేసి ఎత్తారు. వేశారు. మొదటి పోటు పడింది. పసుపు కొమ్ము చిట్లి వాసన లేచింది.

అందరూ పోలమ్మ వైపు చూశారు. పోలమ్మ ఏమీ అనలేదు.

రెండో పోటు పడింది. మూడోదీ పడింది. దేవుడమ్మ రోకలి ఆపేసింది. అన్నాళ్లూ ఒక్కతే మాట్లాడి మాట్లాడి ఆమెకి నిజానికి విసుగెత్తిపోయింది. జవాబు రాని తిట్టులో ఉప్పూ కారం ఉండవని తెలిసొచ్చింది. ఇప్పుడు ఎదుటి మనిషి మొహం చూస్తే కొంచెం భయం కూడా వేసింది.

"ఏటొదినా, నోరు పడిపోనాదేటి?"

పోలమ్మ కొంగు బిగించి నడుముకి దోపింది.

"ఉండొదినా, తొందరపడకు. ఎక్కడ్నించి మొదలెట్టాలా అని సూస్తన్నాను."

ఆ రోజు పసుపు మధ్యాహ్నానికి గాని నలగలేదు.